మూడు గండ్లు చాలు

(2024లో బుడమేరు వాగు కట్టకి గండ్లు పడి మునిగిన విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం, చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం పెట్టిన సభలో ఒక పిల్లల డాక్టరు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది. అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారమండి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండి, ముందు చాపలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకుపోనక్కర్లేదు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ చప్పుడులోనే పని చేస్తున్నాను, అది లేకపోతేనే నాకు తోచదు.

ఈ సభ పెట్టినవాళ్లు నాకిచ్చిన అంశం ‘హెర్డ్ ఇమ్యూనిటీ, టీకాల మీద వాదనలు’. అంత పెద్ద పేరెందుకండీ, ‘గండి’ అని పెట్టండి చాలు అన్నాను. ‘మేడమ్, సింగ్ నగర్‌లో గండి అని పోస్టర్ వేస్తే జనం సభకి రారు, సామాన్లు మేడ మీదికి ఎక్కిస్తారు’ అన్నారు. (నవ్వులు) అదీ నిజమే. అందుకని పోస్టర్ మీద ఆ పెద్ద పేరే ఉంది. నేను మాట్లాడేది మాత్రం గండి గురించే.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హెర్డ్ అంటే మంద. కరోనా రోజుల్లో పేపర్లవాళ్లు ‘సామూహిక రోగ నిరోధక శక్తి’ అని రాశారు. అది పలికేలోపు జ్వరం తగ్గిపోతుంది. మంద అన్న మాట కొందరికి నచ్చలేదు. ‘మేమేమన్నా గొర్రెలమా డాక్టరమ్మా’ అని ఒకాయన నన్ను నిలదీశారు. ఏం చేస్తాం, ఆ మాట నిజంగానే పశువుల కొట్టంలో పుట్టింది. వందేళ్ల కిందట అమెరికాలో ఆవులకి కడుపులోని దూడలు పోయే అంటువ్యాధి వస్తే రైతులు మందంతా అమ్మేసి కొత్త పశువుల్ని కొనుక్కొచ్చేవాళ్లు. కొత్తవాటికీ అదే జబ్బు తగిలేది. అప్పుడు పశువుల డాక్టర్లు చెప్పిన సలహా ఏమిటంటే, జబ్బుని తట్టుకుని నిలబడ్డ ఆవుల్ని అమ్ముకోకండి, వాటినే ఉంచుకోండి, వాటి దూడల్నే పెంచుకోండి, కొత్తవాటిని మందలో కలపకండి అని. ఆ తర్వాత 1923లో ఇంగ్లండులో టాప్లీ, విల్సన్ అనే ఇద్దరు ఎలుకల గుంపుల మీద ప్రయోగాలు చేసి ఈ విషయాన్ని శాస్త్రంగా రాశారు. మనుషుల దాకా వచ్చేసరికి మాట అలాగే నిలిచిపోయింది.

పశువుల ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. మీలో పల్లెటూళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ముసర జబ్బు గుర్తుండే ఉంటుంది. ఊళ్లోకి వస్తే కొట్టాలకి కొట్టాలే ఖాళీ అయ్యేవి. పిల్లలకొచ్చే తట్టు (మీజిల్స్) వైరస్, ఆ ముసర వైరస్ ఒకే వంశంలోవి, దాయాదులు అనుకోండి. పశువులకి పట్టుబట్టి టీకాలు వేశారు, 2011లో ముసర ఈ భూమ్మీదే లేదని ప్రకటించారు. మనుషుల జబ్బుల్లో అలా పూర్తిగా పోయింది ఒక్క మశూచి, 1980లో. మా అమ్మమ్మ మొహం నిండా స్ఫోటకం మచ్చలుండేవి, నా తర్వాతి తరానికి ఆ మచ్చ ఎలా ఉంటుందో తెలియదు. ఎద్దుల జబ్బు పోయింది, మన పిల్లల తట్టు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పశువుల డాక్టర్ల ముందు నాకెప్పుడూ కాస్త తలవంపులే.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. లెక్కలంటే భయపడకండి, కిరాణా కొట్టు లెక్కే.

తట్టు అంటే మీకు తెలుసు. పొంగు అని కొందరంటారు, అమ్మవారు పోసిందని కొందరంటారు. జ్వరం, ముక్కు కారడం, కళ్లెర్రబడటం, మూడు నాలుగు రోజులకి చెవుల వెనక మొదలై ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. అది గాలిలో పాకుతుంది. తట్టున్న పిల్లాడు గదిలోంచి లేచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకూ ఆ గదిలో వైరస్ ఉండొచ్చు. ఇంకో కష్టమేమిటంటే పొక్కులు కనపడక ముందు నాలుగు రోజుల నుంచే అంటిస్తాడు. అంటే ‘మా వాడికి తట్టేమో’ అని తల్లికి అనుమానం వచ్చేసరికే వాడు అంగన్‌వాడీకి పోయొచ్చాడు, సిటీ బస్సెక్కాడు, ఒక బర్త్ డే పార్టీలో కేకు కూడా తిన్నాడు.

ఎవరికీ రక్షణ లేని చోట ఇలాంటి పిల్లాడొకడు పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తాడని లెక్క. మనం పదిహేను అనుకుందాం. ఆ పదిహేను మందిలో పద్నాలుగు మందికి ముందే రక్షణ ఉందనుకోండి, జబ్బు ఒక్కరికే అంటుతుంది. ఆ ఒక్కరి నుంచి ఇంకొక్కరికి. మంట పెరగదు, కునుకుతూ కునుకుతూ ఆరిపోతుంది. పదిహేనులో పద్నాలుగు అంటే నూటికి తొంభై మూడు. హెర్డ్ ఇమ్యూనిటీ అంటే ఇంతేనండి. దీన్లో మంత్రం లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. టీకా వేసిన ప్రతి బిడ్డకీ రక్షణ రాదు. తట్టు టీకా మనం వేసే తొమ్మిదో నెలలో ఒక్క డోసుకి నూటికి సుమారు ఎనభై అయిదు మందికి పడుతుంది, రెండు డోసులకి తొంభై ఏడు మందికి. కాబట్టి ఊళ్లో ఒక్క బిడ్డని కూడా వదలకుండా వేసినా, ఒక్క డోసుతో మనం ఆ తొంభై మూడు గీతకి కిందే ఆగిపోతాం, అంతే. ‘తొమ్మిదో నెలలో వేయించాం కదా, మళ్లీ ఏడాదిన్నరకి ఎందుకు’ అని అడుగుతుంటారు. ఇందుకు. మన దేశంలో ఆ రెండో డోసు మొదలైందే 2010లో. 2017 నుంచి రుబెల్లా కూడా కలిపి ఎమ్మార్ అని వేస్తున్నారు.

ఈ లెక్క తెలియకపోతే వాట్సాప్‌లో ఇంకో లెక్క మోసం చేస్తుంది. ‘తట్టొచ్చిన పిల్లల్లో సగం మంది టీకా వేయించుకున్నవాళ్లే, ఇక టీకా ఎందుకు?’ అని మెసేజ్ తిరిగింది కదా. మా ఇంట్లో మా మరిదే నాకు ఫార్వర్డ్ చేశాడు. సరే, చూద్దాం. నూరుమంది పిల్లలున్న ఒక బడి. తొంభై ఆరుగురికి రెండు డోసులూ పడ్డాయి, నలుగురికి అసలు వేయించలేదు. తట్టు వచ్చి అందరినీ తాకింది. వేయించని నలుగురికీ వచ్చింది. వేయించుకున్న తొంభై ఆరుగురిలో ఓ ముగ్గురికి వచ్చింది. మొత్తం ఏడుగురు, అందులో ముగ్గురు టీకా వేయించుకున్నవాళ్లు. ‘దాదాపు సగం!’ అని రాశాడు ఆ మెసేజ్ రాసినవాడు. అబద్ధం కాదు. కానీ నలుగురిలో నలుగురు ఎక్కడ, తొంభై ఆరులో ముగ్గురెక్కడ? మా మరిది బ్యాంకులో పనిచేస్తాడు, రోజంతా వడ్డీ లెక్కలే. ఈ లెక్క దగ్గర మాత్రం పడిపోయాడు.

ఇప్పుడు గండి దగ్గరికొస్తాను.

2024 సెప్టెంబరు మొదటి వారం గురించి మీకు నేను చెప్పేదేముంది. బుడమేరు కట్ట పొడవెంత? తెగింది ఎంత మేర? మూడు చోట్ల. కట్టలో చాలా భాగం చక్కగా నిలబడే ఉంది. ఇంజనీరుని అడిగితే, ‘నూటికి ఇంత శాతం కట్ట భద్రంగా ఉందండి’ అని ఒక సగటు చెప్పొచ్చు. ఆ సగటు ఈ హాల్లో ఉన్న ఎవరి ఇంట్లో నీళ్లనైనా ఆపిందా? పీకల్లోతు నీళ్లలో నిలబడి పాల ప్యాకెట్ కోసం ట్రాక్టరుకి చేతులు చాపినవాళ్లు మీరు.

టీకాలూ అంతే. రాష్ట్రం మొత్తం మీద తొంభై చిల్లర శాతం అని కాగితం మీద ఉంటుంది. సంతోషమే. కానీ మిగిలిన ఆ ఐదారు శాతం పిల్లలు రాష్ట్రమంతా తలా ఒక్కరుగా చల్లినట్టు ఉండరు. ఒకే చోట ఉంటారు. ఒకే వీధిలో, ఒకే ఇటుక బట్టీలో, ఒకే అపార్టుమెంటులో, ఒకే వాట్సాప్ గ్రూపులో. వైరస్‌కి రాష్ట్ర సగటు తెలియదు. దానికి కావలసింది పక్కన కూర్చున్న పిల్లాడు.

ఆ గండ్లలో ఎవరుంటారో నా అనుభవంలో చెప్తాను. టీవీ చర్చలు చూస్తే టీకా వద్దని వాదించేవాళ్లే సమస్య అనిపిస్తుంది. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది తల్లులు ఏ వాదనా చేయలేదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చినవాళ్లు, గుంటూరు వైపు మిరప కోతలకి ఆరేడు వారాలు వచ్చి పోయేవాళ్లు. ఆరో వారం టీకా ఒక ఊళ్లో పడుతుంది, పదో వారానికి ఇంకో ఊళ్లో ఉంటారు, పద్నాలుగో వారానికి కార్డే ఉండదు. వాళ్లని ‘అవగాహన లేనివాళ్లు’ అంటారు మీటింగుల్లో. ఒక తల్లి నాతో అంది, ‘అమ్మా, ఆ రోజు పోతే కూలి పోద్ది, పిల్లకి జొరమొస్తే ఇంకో రోజు పోద్ది’ అని. ఇంతకన్నా అవగాహన ఏం కావాలి? రెండు రోజుల కూలి ఎంతో ఆమెకి తెలుసు. మనకే తెలియదు.

రెండో రకం వాదించేవాళ్లు. వీళ్లని కూడా నేను తీసిపారేయను, ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోవాలి.

పసిఫిక్ మహాసముద్రంలో సమోవా అని చిన్న దేశం ఉంది. జనాభా రెండు లక్షలు, అంటే మన విజయవాడలో ఐదో వంతు. 2018 జులైలో అక్కడ ఒక ఆసుపత్రిలో ఇద్దరు పసిబిడ్డలకి తట్టు టీకా వేశారు. నిమిషాల్లో చనిపోయారు. ఏం జరిగిందంటే, తట్టు టీకా పొడిలా వస్తుంది, దానితో పాటు వచ్చే నీళ్లు కలిపి వేయాలి. అక్కడి నర్సులు ఆ నీళ్లకి బదులు, ఆపరేషన్లప్పుడు కండరాలు కదలకుండా ఇచ్చే మందు, అదీ గడువు దాటింది, పొరపాటున కలిపారు. టీకా తప్పు లేదు. తప్పు చేతిది. ఆ నర్సులకి శిక్ష కూడా పడింది.

కానీ మీరు ఆ దీవిలో ఒక తల్లి అనుకోండి. పక్క ఊళ్లో బిడ్డ సూది పొడిచిన కాసేపటికే పోయింది. మీరు వేయిస్తారా? నేను డాక్టర్ని, నేనైనా ఆగుతాను. ప్రభుత్వం కూడా నెలల తరబడి ఆ టీకా ఆపేసింది. నిజమేమిటో చెప్పాల్సిన సమయంలో ఎవరూ గట్టిగా చెప్పలేదు, ఆ ఖాళీలోకి పుకార్లు వచ్చి కూర్చున్నాయి. టీకా పడ్డ పసిపిల్లలు మూడో వంతు దగ్గరికి పడిపోయారు. మరుసటి ఏడాది తట్టు వచ్చింది. 5,700 మందికి వచ్చింది, 83 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్ల లోపు పిల్లలే.

2019 డిసెంబరులో అక్కడ రెండు రోజులు దేశమంతా మూసేశారు. ఇంట్లో టీకా వేయించుకోనివాళ్లుంటే గుమ్మం ముందు ఎర్ర గుడ్డ కట్టమన్నారు. టీకాల బృందాలు ఎర్ర గుడ్డ చూసి లోపలికి వెళ్లేవి. ఆ ఫొటోలు చూసినప్పుడు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు, ‘ఈ ఇంట్లోకి రాకండి’ అని. సమోవాలో ఆ ఎర్ర గుడ్డకి అర్థం ‘మా ఇంటికి రండి’ అని. ఆ మాట అనేలోపే అక్కడ అరవైకి పైగా ప్రాణాలు పోయాయి.

అందుకే నేను నర్సమ్మలతో, ఏఎన్ఎంలతో ఒక మాట పదే పదే అంటాను. పొడిలో నీళ్లు కలిపిన వెంటనే సీసా మీద టైము రాయండి. నాలుగు గంటలు దాటితే సగం మందు మిగిలినా పారేయండి, జాలి పడకండి. మీరు కూడా చూడొచ్చు, తల్లిదండ్రులుగా మీకు హక్కుంది. సీసా మీద చిన్న గుండ్రటి గుర్తుంటుంది, దాని మధ్యలో ఒక చతురస్రం. చతురస్రం చుట్టూ ఉన్న రంగుకంటే లేతగా ఉంటే మందు బాగున్నట్టు. రెండూ ఒకే రంగుకొచ్చాయా, అది ఎండలోనో వేడిలోనో ఉండిపోయింది, వాడకూడదు. బెజవాడ మే నెలలో ఆ చిన్న గుర్తు ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. ‘అమ్మా, ఒకసారి సీసా చూపిస్తారా’ అని అడగండి. విసుక్కుంటే నా పేరు చెప్పండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. అది మిమ్మల్ని సతాయించడానికి కాదు, ఎక్కడో ఒకరికి ఒంటికి పడకపోతే వెంటనే చూడటానికి.

జ్వరం సంగతి కూడా దాచను. ఒకటిన్నర నెలకి వేసే పెంటావాలెంట్‌కి, అంటే ఐదు జబ్బులకి కలిపి వేసే టీకాకి, చాలామంది పిల్లలకి జ్వరం వస్తుంది, తొడ గట్టిపడుతుంది, రాత్రంతా ఏడుస్తారు. అందులో ఉన్న కోరింత దగ్గు మందు వల్ల. ప్రైవేటులో ‘నొప్పి లేని టీకా’ అని వేలకి వేలు తీసుకుని వేస్తారు. నేనూ వేస్తాను, అడిగినవాళ్లకి. నొప్పి తక్కువే, నిజం. కానీ కోరింత దగ్గు నుంచి దాని రక్షణ తొందరగా తగ్గుతుంది. నొప్పి పెట్టేది ఎక్కువ కాలం కాస్తుంది. గవర్నమెంటు టీకా అంటే నాసి రకం అనుకుని అప్పు చేసి ప్రైవేటుకొచ్చే తల్లుల్ని చూస్తే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. ఆ భ్రమ పెంచింది మా డాక్టర్లే.

తట్టు టీకా వల్ల ఆటిజం, అంటే మాటలు, నలుగురితో కలవడం కష్టమయ్యే స్థితి, వస్తుందన్న ప్రచారం గురించి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను, దానికి అంతకంటే విలువ లేదు. 1998లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూసి, ఆ సంబంధం ఉండొచ్చన్నట్టు ఒక వ్యాసం రాశాడు. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరీ లైసెన్సు కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని చూశారు, ఏ సంబంధమూ కనపడలేదు. ఏడాదిన్నరకి రెండో డోసు వేస్తాం, పిల్లలకి మాటలు రావాల్సిన వయసూ అదే. రెండూ ఒకేసారి రావడం వల్ల తల్లి మనసు ముడి వేసుకుంటుంది. ఆ తల్లిని ఎగతాళి చేయకండి.

కానీ మన ఇంటి దగ్గర జరిగిన ఒక సంగతి మాత్రం ముక్కలో చెప్పి వదిలేసేది కాదు. 2009లో, అప్పటికి మనం ఒకే రాష్ట్రం, ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. భద్రాచలం వైపు హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారు. గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారించారు. నీళ్లలో మునిగి, పురుగుమందు తాగి, ఇలా వేరే వేరే కారణాలతో పోయారని, టీకా కారణం కాకపోవచ్చని తేల్చారు. నేను దాన్ని నమ్ముతాను. కానీ అదే విచారణలో ఇంకోటి కూడా తేలింది. మన రాష్ట్రంలో 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. అమ్మది కాదు, నాన్నది కాదు. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది.

ఆ తల్లిదండ్రుల స్థానంలో ఉండి ఆలోచించండి. బిడ్డని చదువుకి పంపారు. బిడ్డకేదో సూది వేశారని తర్వాత తెలిసింది. ఆ మీదట ‘టీకా మంచిదే’ అని ఎంత పెద్ద డాక్టరు చెప్పినా ఎందుకు వినాలి? మంచి మందుని అడగకుండా వేస్తే మందు పేరు కూడా చెడుతుంది. మాకు ఆ ఎదురు దెబ్బ చాలా ఏళ్లు తగిలింది. నిన్నగాక మొన్న కూడా ఒక తండ్రి ‘అదే కదండీ ఖమ్మంలో పిల్లలు పోయింది’ అన్నారు.

ఇంకో వాదన ఉంది, అన్నిటికంటే తెలివైనది. ‘అందరూ వేయించుకుంటున్నారు కదా, మా ఒక్కడికి వేయించకపోతే కొంపలేం మునుగుతాయి?’ నిజాయితీగా చెప్తున్నా, ఆ ఒక్కడి వరకూ చూస్తే ఆ మాట నిజమే. చుట్టూ అందరికీ రక్షణ ఉంటే వాడికీ తట్టు రాదు. కాకపోతే రెండు చిక్కులు. ఒకటి, అన్ని జబ్బులూ మనిషి నుంచి మనిషికి రావు. ధనుర్వాతం మట్టిలోంచి వస్తుంది. ఊరంతా ఆ టీకా వేయించుకున్నా మేకు గుచ్చుకున్న మీవాడికి ఒరిగేదేం లేదు. రెండోది, ఇలా ఆలోచించేవాళ్లు ఒక్కరే ఉండరు. మీ ఎదురు ఫ్లాట్ ఆవిడ కూడా మీరు వేయించారనే ధీమాతో మానేసి ఉంటుంది. పటమటలో ఒక అపార్టుమెంటులో నాకు ఇదే ఎదురైంది. ఒకే ఫ్లోరులో మూడు ఇళ్లు, ముగ్గురూ మిగతా ఇద్దరి మీద భరోసా పెట్టుకుని కూర్చున్నారు.

ఆ ఫ్లోరులోనే నాలుగో ఇంట్లో లుకేమియాకి కీమో నడుస్తున్న బాబు ఉన్నాడు. తట్టు టీకా అంటే బలం తగ్గించిన బతికున్న వైరస్. వాడికి వేయకూడదు. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకీ మామూలుగా వేయం. వాళ్లకి ఉన్న కట్ట చుట్టుపక్కల వాళ్లే. ఆ ముగ్గురు తల్లుల్నీ కూర్చోబెట్టి ఆ బాబు సంగతి చెప్పాను. ఇద్దరు మర్నాడే వచ్చారు. మూడో ఆవిడ ఇంకా రాలేదు. ఫోన్ చేస్తూనే ఉన్నాను.

ఇక కరోనా. దీని గురించి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2021 ఫిబ్రవరిలో కేసులు బాగా తగ్గాయి. టీకాలు జనవరి 16నే మొదలయ్యాయి. ఇదే ఊళ్లో ఇలాంటి సభలోనే నేను, ‘చాలామందికి వచ్చి పోయినట్టుంది, హెర్డ్ ఇమ్యూనిటీ దగ్గరికొచ్చేశాం, ఇక భయం లేదు’ అన్నాను. చప్పట్లు కొట్టారు. ఏప్రిల్ వచ్చేసరికి నా ఫోను ఆగలేదు. బెడ్డు, ఆక్సిజన్, బెడ్డు, ఆక్సిజన్. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరి గొంతులు గుర్తుపట్టాను.

ఎందుకు తప్పానంటే, తట్టు లెక్కని కరోనాకి అతికించాను. తట్టు వైరస్ వేషం మార్చదు. 1963లో వచ్చిన టీకా పద్ధతి ఇప్పటికీ పనిచేస్తోంది, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదు. కరోనా వేషం మారుస్తుంది, దాని మీద వచ్చిన రక్షణ కొన్ని నెలలకి పలచబడుతుంది. కట్ట కట్టిన చోట నీళ్లు రాలేదు, ఏరే దారి మార్చుకుంది. టీకా ప్రాణాలు నిలబెట్టింది, అందులో నాకు అనుమానం లేదు. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్క రోజే 13 లక్షలకు పైగా డోసులు వేశాం, మా ఏఎన్ఎంలు ఆ రోజు అన్నం తినలేదు. కానీ ‘టీకా వేసుకుంటే ఇక మీ నుంచి ఎవరికీ అంటదు’ అని మాలో కొందరు చెప్పిన మాట నిలబడలేదు. ఆ మాట నిలబడనప్పుడు జనం తట్టు టీకాని కూడా అనుమానించారు. ఆ ఏడాది మే నెలలోనే కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం జనం బారులు తీరారు. నేను వాళ్లని తిట్టను. మా దగ్గర బెడ్డు లేదు, అక్కడ కనీసం క్యూ ఉంది.

సరే, నేను చాలాసేపు మాట్లాడాను. మీరు అడగండి.

(వెనక వరుసలోంచి ఒకాయన: ఇంత తలనొప్పి ఎందుకు మేడమ్, చట్టం చేసి బలవంతంగా వేసేయొచ్చు కదా?)

మశూచికి బ్రిటిషువాళ్లు 1880లోనే చట్టం చేశారండి. గాంధీగారు ఆ టీకాని గట్టిగా వ్యతిరేకించారు, తెలుసా? 1921లో మన బెజవాడ కాంగ్రెస్ సభకొచ్చిన మనిషే. ఆ విషయంలో ఆయన పొరబడ్డారని నా ఉద్దేశం, కానీ చూడండి, ఈ వాదన నిన్న వాట్సాప్‌లో పుట్టింది కాదు. 2022 మేలో కరోనా టీకాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనకూడదని, దుష్ప్రభావాల వివరాలు జనానికి తెలిసేలా పెట్టమని. నాకు రెండో ముక్క ఎక్కువ నచ్చింది. బలవంతం చేస్తే ఒక డోసు పడుతుంది. రెండో డోసుకి ఆ తల్లి తలుపు తీయదు.

(ఒక పెద్దావిడ: అమ్మాయ్, అమ్మవారు పోస్తే ఒంట్లో వేడంతా పోద్దని, పిల్లలు గట్టిపడతారని మా అత్త అనేది. అదేం నిజం కాదంటావా?)

అత్తగారు చూసింది నిజమేనమ్మా, బతికిన పిల్లలకి మళ్లీ తట్టు రాదు. కానీ ఒకటి ఈమధ్యనే తెలిసింది. తట్టు వచ్చి పోయాక, పాత జబ్బుల మీద ఒంట్లో ఉన్న రక్షణ కొంత, కొందరిలో చాలా వరకు, చెరిగిపోతుంది. పలక తుడిచినట్టు. తట్టు తగ్గి రెండు నెలలయ్యాక పిల్లలు న్యుమోనియాతోనో విరేచనాలతోనో పోయేవాళ్లు, మీ కాలంలో చూసే ఉంటారు. అప్పుడు దిష్టి తగిలిందనుకునేవాళ్లం.

(పెద్దావిడ: అవునమ్మా. మా ఆడపడుచు కూతురు అట్టాగే పోయింది. తట్టు తగ్గిందని తలంటు కూడా పోశాం.)

(కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.)

(ఒక యువకుడు: మేడమ్, మా పాపకి ఏడాది తొమ్మిది నెలలు. వరదల్లో కార్డు పోయింది. ఏం వేశారో గుర్తు లేదు. ఇప్పుడు వేయిస్తే డబుల్ అయిపోతుందేమోనని టెన్షన్.)

పాపని ఇటు తీసుకురా నాన్నా. చొక్కా చెయ్యి కొంచెం పైకి తీయి. ఇదిగో, ఎడమ భుజం మీద చిన్న గుంట, బీసీజీ మచ్చ. పుట్టగానే వేసింది ఉంది. మిగతావి రికార్డు లేకపోతే వేయనట్టే లెక్క, మళ్లీ వేస్తారు. ఒక ఎమ్మార్ డోసు ఎక్కువైతే ఏం కాదు, ఐదేళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు. అసలు మీ ఏఎన్ఎం గారి రిజిస్టర్లో ఉండే ఉంటుంది, ఆవిడ రిజిస్టర్ మేడ మీద బీరువాలో ఉంది కాబట్టి తడవలేదు, నేను చూశాను. రేపు శనివారం, టీకాల రోజే. కూలి పని ఉంటే పొద్దున్నే రా, తొమ్మిదింటికే కూర్చోమని నేను ఆవిడకి ఫోన్ చేసి చెప్తాను. పాప పేరేమిటన్నావ్?